కార్తేజ్ టపా బండి

గురువారం రాత్రుళ్ళు సిరక్యూస్ లైబ్రరీ నేలమాళిగలో
ముగ్గురం ఒక సముద్రాన్ని బల్ల మీద పరుస్తాం.
సిసిలీ ఒక అట్టముక్క. చొక్కా గుండీలు ఓడలు.
నున్జియా గారు రిటైరైన లాటిన్ టీచరు, యవనుల పక్షం.
"మా తాత ఆ దీవి వాడు, ఓడటం నా వల్ల కాదు" అంటుంది.
వెండెల్ కార్తేజ్ వాడు. నిజంగానే.
ఉత్తరాన బ్లాక్ రివర్ ఒడ్డున
కాగితం మిల్లు మూతపడ్డ కార్తేజ్ వాడు.
చలికాలం ఇక్కడ కూతురింట్లో ఉంటాడు,
"శత్రువు చేతిలో బందీని" అంటాడు.
నేను ఎవరి వైపూ కాదు.
రెండూళ్ళ మధ్యా తపాలా లారీ తోలేవాణ్ణని
పాచికలు నా చేతికిచ్చి
వార్తాహరుణ్ణి నాకప్పగించారు.

హిమెరా యుద్ధం.
సెలినస్ నుంచి ఒకడు గుర్రం మీద బయల్దేరతాడు,
ఉత్తరంలో ఒకటే మాట:
అడిగిన రోజుకి మా రౌతులు వస్తారు.
పుస్తకంలో వాడు దారిలోనే దొరికిపోతాడు.
చెప్పిన రోజుకి సిరక్యూస్ రౌతులొచ్చి
మేమే వాళ్ళం అంటారు.
కాపలావాడు గడియ తీస్తాడు.
ఓడలు అంటుకుంటాయి. కార్తేజ్ సేనాని
తను రాజేసిన హోమంలో తనే దూకుతాడు.
మూడేళ్ళుగా ఆ మంట
వెండెల్ కళ్ళద్దాల్లో చూస్తున్నాను.

నిన్న పాచికలు ఆరూ ఆరూ పడ్డాయి.
వాడు దొరకలేదు.

ఆ తర్వాత ఏమవుతుందో ఎక్కడా రాసి లేదు.
కాఫీ కలుపుకుని మేమే మొదలెట్టాం.
సిరక్యూస్ కప్పం కట్టింది.
నాటకాలాడే చోట గోధుమలు ఆరబోశారు.
రోమ్ తన ఏడు గుట్టల మీద
మేకలు కాసుకుంటూ మిగిలిపోయింది.
(రోమ్ కూడా మాకు దగ్గరే, తూర్పుకి గంట దారి.
అక్కడా మంచే.)
"మరీ మురిసిపోకు, గెలిచాక మీరూ అంతే" అంది నున్జియా.
వెండెల్ చాలాసేపు గుండీలు లెక్కపెట్టి
"రెండో తరానికే పన్నుల వాడి పేరు చెబితే
పిల్లలు ఏడుపాపుతారు" అని ఒప్పుకున్నాడు.

మా వైపు సంగతి నేను చెప్పాను.
ఘంటసాల రేవులో దిగే పరదేశిని
అప్పుడిక యవనుడు అనం కదా అన్నాను.
"ఆ మాట పర్షియా దారిన నడిచొచ్చింది, పోదు" అంది టీచరు.
సరే, ఉండనీ.
కానీ నాగలికి తగిలిన కుండలో
రోమ్ చక్రవర్తి తల ఉండదు,
ఖర్జూర చెట్టు పక్కన ఒక గుర్రం ఉంటుంది.
శాతవాహనుల సీసపు నాణెం మీద
రెండు కొయ్యల ఓడ మాత్రం అలాగే ఉంటుంది.
ఎవడు గెలిచినా ఓడకి కావలసింది గాలి.

తెల్లవారుజాము రెండున్నర.
లారీలో కార్తేజ్ ట్రేలు: ఆసుపత్రి బిల్లులు,
విత్తనాల క్యాటలాగులు, జైలు ముద్ర ఉన్న కవరొకటి,
తాతయ్యకి అని పిల్లరాతతో ఒకటి,
పిన్ కోడ్‌లో ఒక అంకె తక్కువ.
టగ్ హిల్ దగ్గర మంచు అడ్డంగా కొడుతోంది.
ఆ గుర్రపువాడి పేరు ఎవరూ రాయలేదు.
చేరి ఉంటే ఏం చేసేవాడు?
గుర్రానికి నీళ్ళడిగి
గడ్డిమోపు మీద వాలి నిద్రపోయేవాడు.
లోకం ఇంకో పక్కకి ఒత్తిగిలిందని
లేచాకా తెలిసేది కాదు.

నా ముందు ఉప్పు బండి,
వెనక నారింజ దీపం తిరుగుతూ.
కార్తేజ్‌ని కూల్చి ఆ నేల మీద ఉప్పు చల్లారని
చిన్నప్పుడు బళ్ళో చదివాను.
ఎవరో తర్వాత అల్లిన కథట.
ఇక్కడ మాత్రం నిజం.
ఉప్పు ఊరని పేరుపడ్డ సిరక్యూస్ నుంచి
కార్తేజ్ దాకా ప్రతి చలికాలం చల్లుతూనే ఉన్నారు.
ఎవరి ఉప్పు తింటున్నానని అడిగితే
ఈ రోడ్డుదే అని చెప్పాలేమో.

నాలుగుంబావుకి కార్తేజ్ పోస్టాఫీసు వెనక
డార్లీన్ తలుపెత్తింది.
ట్రేలు లాక్కుంటూ, చేతుల్లోకి ఊదుకుంటూ,
"దారెలా ఉంది?" అంది.
"ఉప్పు చల్లారు" అన్నాను.
సంతకం పెట్టింది.